మోటారాయన పుచ్చచేను

ఏంటి, బోరు బండి ఎల్లుండే వస్తోందా? నువ్వే మాట్లాడావా? మంచిదే, మంచిదే. వేయించు. నీ చేను, నీ ఇష్టం, కాదనడానికి నేనెవర్ని. కాకపోతే ఇందాక ఒక మాట అడిగావు చూడు, 'తాత ఊరందరి మోటార్లూ బాగుచేసేవాడట కదా, తన చేలో ఒక్క బోరు ఎందుకు వేయించుకోలేదు' అని, దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా వల్ల కాదమ్మాయ్. కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది, నేనే ఊగి ఊగి దాన్నలా చేశా. ఇటు మంచం మీద కూర్చో. నేను తిరుగుతూ చెబుతా, నువ్వేమీ అనుకోకు. డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఒక చోట కుదురు లేదు నాకు. మీ తాత నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు, 'బొంగరం' అనేవాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే, 'ఏరా బొంగరం, ఇవాళ తాడెవరు లాగారు?' అనేవాడు. లోపల్నించి మా అక్క, అదే మీ నానమ్మ, మిషను తొక్కుతూనే, 'వాడికి తాడెందుకండీ, గాలి తగిలితే చాలు' అనేది. ఇద్దరూ ఇద్దరే. నేను వాళ్ళింటికి రోజుకి మూడుసార్లు వెళ్ళేవాణ్ణి, మూడుసార్లూ కూర్చోకుండానే వచ్చేసేవాణ్ణి. ఆ రోజుల్లో నీళ్ళ ట్యాంకరు తోలేవాణ్ణిలే. కుళాయిలు రాని వీధులుండేవి కదా, వాటికి వంతులేసి నీళ్ళు పొయ్యడం నా పని. పెళ్ళీ పెటాకులూ లేవు, ఇరవై ఆరేళ్ళు. స్టీరింగు చేతిలో ఉన్నంతసేపే మనిషిని.

నువ్వు మీ తాతని చూళ్ళేదు కదూ. ఫోటో ఉంటుంది మీ ఇంట్లో, అది చూసి ఏమీ తెలీదు, ఫోటోలో అందరూ ఒకలాగే బిగుసుకుపోతారు. మనిషి సన్నం. గోళ్ళ కింద నలుపు, ఎంత తోమినా పోయేది కాదు. వర్క్‌షాపు అంటే ఏమనుకున్నావు, రెండు గదులంతే. ముందు గదిలో బల్ల, బల్ల మీద విప్పదీసిన మోటార్లు, కిరసనాయిల్లో నానేసిన బేరింగులు. వెనక గదిలో రాగి తీగ చుట్టలు, వార్నిషు వాసన. ఆ వాసన మీ నానమ్మకి పడేది కాదు, అయినా సాయంత్రం టీ అక్కడికే తెచ్చి తాగేది. ఎవరైనా పంపు తెచ్చి, 'మోటారాయనా, ఇది మొరాయిస్తోంది' అంటే ఆయన వెంటనే విప్పేవాడు కాదు. స్విచ్చి వేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస మోటారుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. అలా ఎంతసేపని! నా బోటివాడికి ప్రాణం పోయేది. నేనైతే, 'విప్పెయ్యి బావా, విప్పితే తెలుస్తుందిగా' అనేవాణ్ణి. ఆయన కళ్ళు తెరవకుండానే, 'విప్పకముందే తెలిస్తే విప్పే పని తగ్గుతుందిరా' అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, 'మోటారు జాతకం చదువుతున్నాడు' అని. చదివేవాడు. తప్పేది కాదు.

అలాంటి మనిషి, ఊరికి నీళ్ళు తోడిపెట్టే మనిషి, తన ముప్పావు ఎకరంలో చుక్క నీరు పొయ్యకుండా పుచ్చ పండించేవాడు. నువ్వనుకున్నట్టు వేయించుకోలేక కాదు. వేయించుకోడు. టీకొట్టు దగ్గర ఇదే వేళాకోళం. 'దీపం కిందే చీకటి అంటే ఇదే, మోటారాయన చేలో నీళ్ళు లేవు' అనేవాళ్ళు. ఆయన వింటూ టీ తాగేవాడు. ఒకసారి నేనే పట్టుబట్టి అడిగా. అప్పుడు చెప్పాడు, 'ఒరేయ్, ఈ చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో పైపులు దించేది నేను. ఏడాదికి ఒక పైపు, రెండు పైపులు ఎక్కువ దించుతున్నా. పైన ఉన్నవాళ్ళకి నీళ్ళు వస్తున్నాయని తెలుసు. కింద ఎంత దూరం పోయాయో నాకు తెలుసు. తెలిసి తెలిసి నేనూ ఒకటి దించనా?' అని. అంతే. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. నీకు చెబుతున్నానని మనసులో పెట్టుకోకు, నీ రోజులు వేరు. ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది, కొంచెం వెయ్యి. ఆఁ.

మరి నీళ్ళు లేకుండా పుచ్చ ఎలా పండేదంటావా? అదేం మంత్రం కాదు. ఆ నేల ఒకప్పుడు వాగు పారిన నేల, పైన ఇసుక, లోపల ఒండ్రు. వానలు వెనక్కి తగ్గుతుండగా లోతుగా దున్నించేవాడు. తర్వాత ఒక్క జల్లు పడ్డా సరే, మర్నాడు పార పట్టుకుని పోయి పైపొర కదిలించేవాడు. వాన పడ్డాక నేల పైన గట్టిపడి పెచ్చు కడుతుంది చూడు, ఆ పెచ్చు కడితే లోపలి చెమ్మంతా దాని పగుళ్ళలోంచి పైకొచ్చి ఆవిరైపోతుందట. పెచ్చు కట్టకుండా పైన రెండు వేళ్ళ మందాన మెత్తటి దుమ్ము ఉంచాలి. 'నేలకి దుప్పటి కప్పుతున్నా' అనేవాడు. దుమ్ము దుప్పటి! విత్తనం పెట్టేటప్పుడు ఆ దుమ్ము పక్కకి తోసి, చేత్తో తవ్వి, చేతికి చల్లగా తగిలేదాకా తవ్వి, అక్కడ పెట్టేవాడు. పాదుకీ పాదుకీ నాలుగు అంగలు. నేను ఒకసారి మధ్యలో ఇంకో పాదు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు. 'కింద నీళ్ళు ఇంతే ఉన్నాయి, పంక్తిలో ఇంకొకర్ని కూర్చోబెడితే అందరూ పస్తుంటారు' అన్నాడు. ఒక్కో తీగకి రెండు కాయలు, మిగతా పిందెలు తుంచేసేవాడు. కాయ పెద్దదేం కాదు, ఇంత, చిన్నపిల్ల తలకాయంత. ముదురాకుపచ్చ, తొక్క గట్టి. కానీ కోస్తే! నేను మాటలు చెప్పేవాణ్ణే కానీ ఆ రుచికి నా దగ్గర మాట లేదమ్మాయ్. వేళ్ళు అంటుకుపోయేవి. తిన్నాక నీళ్ళు తాగబుద్ధి కాదు, ఆ తీపి నోట్లో ఉండనివ్వాలని. మీ నానమ్మకి ఆ కాయంటే ప్రాణం. కాయ పండిందో లేదో అందరూ కొట్టి చూస్తారు కదా, ఆయన కొట్టేవాడు కాదు, మోటారు దగ్గర చెవి పెట్టే మనిషి ఇక్కడ మాత్రం చెవి వాడడు. కాయ పక్కన మెలికలు తిరిగిన నులితీగ ఉంటుంది, అది ఎండిందా లేదా అని చూసేవాడు. 'దాని పని అయిపోయిందని అదే చెబుతుంది, మనం కొట్టి అడగడం ఎందుకు?'

ఎలా పోయాడో చెప్పారా నీకు ఎవరైనా? చెప్పి ఉండరు. మీ నాన్న చెప్పడు. ఆ బల్ల దగ్గరే. ఇది చాలా ఏళ్ళ తర్వాతి మాట, మా అక్క పోయిన రెండేళ్ళకి. ఒకాయన పంపు తెచ్చాడు. మీ తాత స్విచ్చి వేశాడు, స్క్రూడ్రైవరు ఆనించాడు, చెవి పెట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆ వచ్చినాయన నిలబడ్డాడు. మోటారు తిరుగుతూనే ఉంది. పది నిమిషాలైంది, పావుగంటైంది. 'మోటారాయన ఇంతసేపు వింటున్నాడంటే దీనికేదో పెద్ద జబ్బే వచ్చింది అనుకున్నానండీ' అని ఆయన తర్వాత నాతో ఏడుస్తూ చెప్పాడు. ఏడుస్తూనే చెప్పాడు కానీ నాకు నవ్వొచ్చింది. ఏం చెయ్యను, నవ్వొచ్చింది. చూశావా, ఎక్కణ్ణించి ఎక్కడికో పోయా. ఇది కాదు నేను చెప్పాలనుకుంది. నా కళ్ళద్దాలేవీ? నెత్తి మీదున్నాయా. సరే.

ఒక ఏడు మా అక్కకి జ్వరం పట్టుకుంది. మీ నాన్న అప్పటికి పుట్టలేదు. నలభై రోజులు పట్టి వదిలింది. వదలడమైతే వదిలింది కానీ నాలుక తీసుకుపోయింది. ఏం పెట్టినా రుచి తెలిసేది కాదు. 'నోట్లో ఇసుక పోసుకున్నట్టుందిరా' అనేది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, గోడ వైపు తిరిగి పడుకునేది. జాకెట్లు కుట్టే మిషను మీద గుడ్డ కప్పేసింది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. డాక్టరమ్మ వచ్చి చూసి, 'మందులతో వచ్చేది కాదమ్మా, మెల్లిగా అదే వస్తుంది, ఈలోగా ఏది అడిగితే అది పెట్టండి, ఎలాగోలా తినాలి' అంది. మా బావ మంచం పక్కన కూర్చుని, 'ఏం తింటావు? ఏదైనా చెప్పు, తెస్తా' అన్నాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, 'చేలో కాయ తింటా' అంది. మా బావ వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. 'ఇంకో పదిహేను రోజులు ఆగాలే' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేను రోజులేంటి, మనిషి మంచానికి అంటుకుపోతుంటే! బజారంతా తిరిగి వేరే పుచ్చకాయ తెచ్చా. ఒక ముక్క కొరికి పక్కన పెట్టేసింది. 'ఇది కాదురా' అంది.

ఇదిగో, ఇక్కడే వచ్చింది తంటా. సరిగ్గా అప్పుడే పక్క ఊరి మిల్లులో పెద్ద మోటారు కాలిపోయిందని మా బావని పిలుచుకుపోయారు. నాలుగు రోజుల పని. వెళ్తూ నాతో, 'ఒరేయ్ బొంగరం, రోజుకోసారి చేను వైపు వెళ్ళి చూడు. పందులొస్తే తోలు. అక్కని ఒంటరిగా వదలకు. ఇంకేమీ చెయ్యకు' అన్నాడు. 'ఇంకేమీ చెయ్యకు' అని రెండోసారి కూడా అన్నాడు. సైకిలెక్కబోతూ మళ్ళీ వెనక్కి తిరిగి చూశాడు. నేను వెళ్ళింది ఎప్పుడు? మిట్టమధ్యాహ్నం. ఎండ మాడు పగిలిపోతోంది. చేలో అడుగుపెట్టి చూద్దును కదా, ఒక్క ఆకు నిలబడి లేదు. అన్నీ తడి గుడ్డలు ఆరేసినట్టు వేలాడిపోయాయి. నూటికి పైగా పాదులు, అన్నీ చచ్చిపోయినట్టే. ఇవి పోతే అక్క ఏం తింటుంది? ఇంక బతుకుతుందా? అంతే నా బుర్రలో ఉంది. మా బావ అంతకు ముందు వందసార్లు చెప్పాడు, 'మధ్యాహ్నం వాలిన ఆకుని చూసి భయపడకూడదు, తెల్లారి కూడా వాలి ఉంటేనే భయపడాలి' అని. ఆ మాట అప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చిందమ్మాయ్. కానీ తెల్లారేదాకా ఎవడాగుతాడు? కాలు కాలిన పిల్లిలా ఆ గట్టు మీద అటూ ఇటూ తిరిగా. రోడ్డు మీద నా ట్యాంకరు ఉంది. నిండుగా ఉంది. అది వెనక వీధి వంతు. నాలుగు రోజులకి ఒకసారి వాళ్ళకి నీళ్ళు. ఆపాటికి వాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని, ఏ బిందె ఎవరిదో తెలియడానికి మెడకి గుడ్డపీలికలు కట్టుకుని, నా హారను కోసం ఎదురుచూస్తుంటారు. నాకు తెలుసు. తెలిసే బండి వెనక్కి తిప్పి చేలోకి దింపా. గొట్టం విప్పా. పాదు పాదుకీ, పాదు పాదుకీ, ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా. కంచే చేను మేసిందంటారు చూడు, నేను మేయలేదు, ముంచా. అంతే తేడా.

మర్నాడు పొద్దున్న వెళ్ళి చూస్తే ఆకులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి! నేను రొమ్ము విరుచుకుని గట్టు మీద నడిచా. బావ వచ్చి చూస్తే ఏమంటాడో, 'బొంగరం కాపాడాడు' అంటాడు కదా. వెనక వీధి వాళ్ళు దారిలో ఆపి, 'నిన్న రాలేదేం బాబూ?' అంటే, 'టైరు పంక్చరైంది' అని చెప్పి పోయా, తిరిగి చూడకుండా. మూడో రోజుకి కాయలు ఎలా ఊరాయనుకున్నావు! ఇంత కాయ ఇంతైంది. అందులో అన్నిటికన్నా లావుది ఒకటి తెంపి, చంకన పెట్టుకుని పరుగున అక్క దగ్గరకి తెచ్చా. నులితీగ ఎండిందా లేదా, ఎవడు చూశాడు? కోస్తే లోపల లేత గులాబి. ముక్క చేసి నోటికి అందించా. కొరికింది. నమిలింది. నా వైపు చూసింది. నేను మంచం కోడు పట్టుకుని ఊగుతున్నా. 'తియ్యగా ఉందిరా' అంది. 'నిజంగానా?' 'నిజంగా. చేలో కాయే.' ఇంకో ముక్క తింది. ఇంకోటి. సగం కాయ తినేసింది! నలభై రోజుల తర్వాత మొదటిసారి సగం కాయ! నేను వంటింట్లోకి పోయి ఒక్కణ్ణే చేతులు ఊపుకుంటూ ఎగిరా. ఆ సాయంత్రం కాస్త అన్నం కూడా తింది. నాకు కాలు నేల మీద ఆన్లేదు.

నాలుగో రోజు పొద్దున్న చేనుకెళితే చప్పుడు. 'టప్' అని. ఏదో రాయి పడిందనుకున్నా. ఇంకోటి, 'టప్'. కాయలమ్మా. పగులుతున్నాయి. తొక్క మీద నిలువుగా గీత పడి, నా కళ్ళ ముందే నోరు తెరిచాయి. ఎండిన వేళ్ళకి ఒక్కసారిగా అన్ని నీళ్ళు పోస్తే అవి తాగేసి కాయల్లోకి కుక్కేశాయి, కాయ పట్టలేక పగిలిపోయింది. ఈగలు, చీమలు, పులిసిన వాసన. నేను చేతులు రెండూ పెట్టి ఒక కాయని మూస్తున్నా, పగిలింది మళ్ళీ అతుక్కుంటుందన్నట్టు. అలా ఉండగా వెనక సైకిలు చప్పుడు. మా బావ. మిల్లు నుంచి నేరుగా చేనుకే వచ్చాడు. గట్టు మీద నిలబడి చూశాడు. నేను లేచి నిలబడ్డా. ఆయన దిగి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో నేల పొడిచి చూశాడు. దుమ్ము దుప్పటి ఎక్కడిది, పెచ్చు కట్టి పలకలు పలకలుగా ఉంది. ఒక పలక ఊడదీసి చేతిలో పెట్టుకుని చూశాడు. తర్వాత పగిలిన కాయలోంచి కాస్త గుజ్జు నోట్లో వేసుకుని, 'నీళ్ళు' అన్నాడు. నేను గబగబా, 'అక్క తింది బావా, తియ్యగా ఉందంది, సగం కాయ తింది' అన్నా. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. ఆగి, ఇంకో మాట అడిగాడు. నేను తిడతాడని ఎదురుచూస్తున్నా, కొడతాడేమో అని కూడా. 'ఎవరి వీధి నీళ్ళురా ఇవి?' అన్నాడు. అదీ అడిగింది. పంట గురించి కాదు. 'వెనక వీధివి' అన్నా. 'మళ్ళీ వాళ్ళకి వెళ్ళాయా?' 'రేపు వాళ్ళ వంతు.' 'అయితే ఇవాళే తీసుకెళ్ళు, ముందది చూడు. తర్వాత వచ్చి ఏడుద్దువుగాని' అన్నాడు. అప్పటికే ఏడుస్తున్నానని నాకప్పుడు తెలిసింది.

మంచినీళ్ళు ఇలా అందుకో. గొంతు ఎండిపోతోంది. నువ్వూ తాగు. ఏంటి, మొత్తం పోయిందా అంటావా? పోలేదు. చేనుకి ఎగువ మూల ఉంది చూడు, ఇప్పుడు నువ్వు ఇనప గేటు పెట్టించిన మూల, అక్కడికి నా గొట్టం అందలేదు. పద్నాలుగు పాదులు. అవి మాత్రం అలాగే మధ్యాహ్నం వాలుతూ, పొద్దున లేస్తూ ఉన్నాయి, నా సాయం లేకుండా. మేమిద్దరం మిగతా చేనంతా పెచ్చు పగలగొట్టాం. నా చేతులు బొబ్బలెక్కాయి. ఆయన ఒక్క మాట అనుంటే నేను తేలికపడేవాణ్ణి. అనలేదు. పదకొండు రోజుల తర్వాత, ఒక పొద్దున్న, మా బావ ఒక కాయని తన చొక్కాలో చుట్టుకుని తెచ్చాడు. అక్క అప్పటికి లేచి తిరుగుతోంది, నా దిక్కుమాలిన కాయ తిన్న రోజు నుంచి ఏదో ఒకటి తినడం మొదలుపెట్టింది. మిషను మీద గుడ్డ తీసింది. అక్క కత్తిరించి పెట్టుకున్న బట్టలు ఆయన పక్కకి జరిపి, ఆ మిషను బల్ల మీదే కాయ పెట్టి కోశాడు. ఎర్రగా, చూస్తేనే కళ్ళు జిగేలుమనే ఎరుపు. ఒక ముక్క ఇచ్చాడు. అక్క కొరికింది. నమలడం ఆపేసింది. కళ్ళు పెద్దవి చేసి ఆయన వైపు చూసి, 'తెలుస్తోందండీ' అంది. ఎంత మెల్లగా అందో! 'నాకు తెలుస్తోంది.' అని ఇంకో ముక్క, ఇంకో ముక్క, రసం మోచేతుల దాకా కారుతోంది, తుడుచుకోవడం లేదు, తెల్లతొక్క దాకా గీకి తింది, నవ్వుతోంది, ఏడుస్తోంది. ఆ మొహం చూశా నేను. చూసిన క్షణంలో నాకర్థమైంది. ఆ రోజు నా కాయ తిని 'తియ్యగా ఉందిరా' అన్నప్పుడు ఇందులో వీసమెత్తు లేదు ఆ మొహంలో. తీపీ లేదు, పాడూ లేదు. నేను మంచం కోడు పట్టుకుని ఊగుతున్నానని, నా మొహం చూసి, ఇసుకలాంటిదాన్ని సగం కాయ మింగింది మహాతల్లి. ఆవిడ కూడా నేను చూడ్డం చూసింది. మూతి తుడుచుకుని, 'నీ కాయా బాగానే ఉందిలేరా' అంది. 'ఏం బాగుంది అక్కా?' అన్నా. కాస్త ఆలోచించి, 'చల్లగా ఉంది' అంది. మా బావ నవ్వాడు. పదిహేను రోజుల తర్వాత అప్పుడు నవ్వాడు. నవ్వి, 'రేపు వెనక వీధికి ట్యాంకరు ఎన్నింటికి?' అని అడిగాడు నన్ను.

ఎనిమిదింటికి అన్నా. మర్నాడు ఆ పద్నాలుగు పాదుల కాయలన్నీ తెంపి గోనె సంచుల్లో వేసి, ట్యాంకరు ముందు సీట్లో నా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వీధిలో పంతొమ్మిది గడపలు. నీళ్ళు పట్టుకోవడం అయ్యాక, 'పద' అన్నాడు. ఇంటికో కాయ. తలుపు నేనే కొట్టాలి, కాయ నేనే ఇవ్వాలి, ఆయన వెనక సంచి మోస్తూ నిలబడతాడు. మొదటి గుమ్మంలో ఒక పెద్దాయన, 'ఎందుకు నాయనా ఇది?' అన్నాడు. నేను వెనక్కి చూశా. మా బావ గోడ వైపు చూస్తున్నాడు. నేనే చెప్పాలన్నమాట. చెప్పా. పంక్చరు కాదండీ, మీ నీళ్ళు మా బావ చేలో పోశా అని. ఆ పెద్దాయన పకపకా నవ్వి, 'నీళ్ళు పోస్తే పగిలిపోయాయా? బాగా అయింది నీకు' అని కాయ పుచ్చుకున్నాడు. రెండో ఇంట్లో కూడా నవ్వారు. మూడో ఇంట్లో కాస్త తిట్టి నవ్వారు. ఆరో ఇంటికొచ్చేసరికి నాకు ధైర్యమొచ్చింది. ఎనిమిదో ఇంటికొచ్చేసరికి నేనే నవ్విస్తూ చెప్పడం మొదలుపెట్టా. కాయ ఎలా 'టప్' అందో నోటితో చేసి చూపించా. రెండు చేతులతో కాయని మూసింది కూడా నటించి చూపించా. పదిహేనో ఇంటికి జనం పక్కిళ్ళ నుంచి వచ్చి నిలబడి మరీ విన్నారు. నాకదొక ఆటైపోయింది. మా బావ మాత్రం వెనకాల సంచి మోస్తూ, ఒక్కసారీ నవ్వలేదు. నేనది గమనించీ గమనించనట్టు ఊరుకున్నా.

ఆఖరిల్లు. నోటుపుస్తకాలకి కాగితాలు మడిచి కుట్టే ఆవిడది. నలభై ఏళ్ళుంటాయి, మంచాన పడ్డ తండ్రి, తనూ, ఇద్దరే. ఒక్కటే గది. నేను తలుపు కొట్టి, తలుపు పూర్తిగా తెరుచుకోకముందే మొదలుపెట్టేశా, 'అక్కయ్యగారూ, ఒక తమాషా జరిగింది వినండి, ఆ రోజు మీ నీళ్ళు' అంటూ. 'టప్' దాకా వచ్చా. చేతులు పైకెత్తా కూడా. అప్పుడు తలుపు ఇంకాస్త తెరుచుకుంది. కుడి చేతికి కట్టు. వేళ్ళ మొదలు నుంచి మోచేతి దాకా తెల్లగా పిండికట్టు. నా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆవిడ నన్ను, నా చేతిలోని కాయని చూసి, 'పంక్చరన్నావుగా' అంది. గొంతు పెంచలేదు. 'మధ్యాహ్నం దాకా చూశాను బాబూ. నాన్నకి ఒళ్ళు తుడవాలి, చెంబెడు నీళ్ళు లేవు. బిందె తీసుకుని బడి దగ్గర చేతి పంపుకి వెళ్ళాను. అక్కడ పాచి ఉంది.' అంతే చెప్పింది. లోపల గోడ వారగా కాగితాల దొంతర్లు, మడత పడనివి, పైన బరువుకి ఒక ఇటుక. నేను పారిపోదామనే అనుకున్నా, అబద్ధమెందుకు. కానీ నా వెనక దారికి అడ్డంగా మా బావ ఉన్నాడు. ఆవిడ, 'లోపలికి వచ్చి కోసి పెట్టు. ఒంటి చేత్తో నాకు కుదరదు' అంది. వెళ్ళా. కింద కూర్చుని కోశా. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. ఆవిడ ఎడం చేత్తో ఒక ముక్క తీసి ముందు తండ్రి నోట్లో పెట్టింది. ఆయనకి కళ్ళు కనపడవనుకుంటా. చప్పరించి, 'అబ్బా! ఎక్కడిదమ్మా ఇంత తియ్యటి కాయ?' అన్నాడు. ఆవిడ నా వైపు చూడకుండానే, 'నీళ్ళబ్బాయి తెచ్చాడు నాన్నా' అంది. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు ఆయనకి.

తిరిగి వస్తుంటే దారిలో అడిగా, 'బావా, ఆవిడ సంగతి నీకు ముందే తెలుసా?' అని. 'తెలీదురా' అన్నాడు. 'తెలిస్తే మొదటి గుమ్మం అదే అయ్యేది.' అప్పట్నించి నాలుగేళ్ళు, ఆవిడ ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేదాకా, వంతు వచ్చిన ప్రతిసారీ ఆవిడ బిందెలు నేనే నింపి, లోపలికి మోసి, మూత పెట్టి వచ్చేవాణ్ణి. తిట్టలేదు. అడగలేదు. 'అక్కడ పెట్టు బాబూ' అనేది. మా అక్క జాకెట్టు కుట్టిచ్చినా తీసుకుంది, మా బావ ఏటేటా కాయ పంపినా తీసుకుంది. కట్టు విప్పాక చెయ్యి అతికింది కానీ రెండు వేళ్ళు మడతపడేవి కావు. కాగితం మడిచేటప్పుడు అవి రెండూ వేరేగా, నిలువుగా, ఇదిగో ఇలా నిలబడేవి. మిగతా మూడు వేళ్ళతో నొక్కేది. నేను బిందె దించుతూ చూసేవాణ్ణి. ఇలా. ఈ రెండూ.

ఫ్యానేంటి ఆగిపోయింది? కరెంటు పోయిందా, ఎవరైనా కట్టేశారా? లే, ఒకసారి చూసిరా.